బస్తర్ సంతలో పాఠం: డిజిటల్ బోధన సామగ్రిని దాచటం, పంచటం

బోధనలో సాంకేతిక సాధనాల గురించి మాట్లాడుకొనేటప్పుడు మనం పాఠాల తయారీ గురించే ఎక్కువగా మాట్లాడతాం. పాఠాన్ని ఎలా చిత్రీకరించాలి, బొమ్మలను ఎలా కదిలించాలి, గొంతును ఎలా రికార్డు చేయాలి అన్నవి ఆసక్తికరమైన విషయాలే. తయారైన పాఠం ఆ తరువాత ఎక్కడ ఉంటుంది, ఎవరి చేతికి ఎలా వెళుతుంది, అయిదేళ్ల తరువాత వెతికితే దొరుకుతుందా అన్న ప్రశ్నలు మాత్రం శిక్షణ తరగతి చివరి అరగంటకు మిగిలిపోతాయి. ఈ ప్రసంగం ఆ అరగంటకు సంబంధించినది. మీరు ఉపాధ్యాయులైనా, బి.ఎడ్. విద్యార్థులైనా, పాఠాలు తయారుచేసే సంస్థలో పనిచేస్తున్నా ఇది మీ పనే.

ఈ విషయాన్ని అర్థం చేసుకోవటానికి మనం ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు వెళదాం. ఇంటర్నెట్ బాగా అందే పట్నంలో దాచటం, పంచటం ఒకే పనిలా కనిపిస్తాయి. ఫైలును సర్వర్‌లో పెట్టి, దాని లింకు పంపితే రెండూ అయిపోయినట్టే. నెట్ సరిగా అందని చోట ఈ రెండు పనులూ విడిపోతాయి. అప్పుడు దేనికి ఏం కావాలో విడివిడిగా కనిపిస్తుంది.

బస్తర్ మనకు దూరదేశం కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అటు వెళ్లి రాజ్యం స్థాపించాడని చరిత్ర చెబుతుంది. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా వెళ్లే జాతీయ రహదారి గోదావరి దాటి బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నంలో ముగుస్తుంది. శబరి ఒడ్డున ఉన్న సుక్మా జిల్లా కోంటాలో, భోపాలపట్నంలో తెలుగు వినబడుతుంది. పాత బస్తర్ జిల్లా విస్తీర్ణం సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1998లో కాంకేర్, దంతెవాడ, 2007లో బీజాపూర్, నారాయణ్‌పూర్, 2012లో కొండాగావ్, సుక్మా విడిపోయి ఇప్పుడు అక్కడ ఏడు జిల్లాలున్నాయి.

ఇక భాషలు. సంతల్లో నలుగురినీ కలిపే భాష హల్బీ. అడవి పల్లెల్లో రకరకాల గోండి; దక్షిణాన తెలుగుతో బాగా కలిసిపోయిన దోర్లీ; ఇవి కాక ధుర్వా, భత్రీ. బడిలో మాత్రం హిందీ. ఒకటో తరగతిలో చేరే పిల్ల ఇంట్లో ఎన్నడూ వినని భాషలో అక్షరాలు నేర్చుకోవాలి. 2020 గణతంత్ర దినోత్సవం నాడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రాథమిక తరగతుల్లో గోండి, హల్బీ వంటి స్థానిక భాషల్లో బోధన మొదలుపెడతామని ప్రకటించింది. అలాంటి బోధనకు సామగ్రి కావాలి. చిన్న భాషలో తయారయ్యే ప్రతి కథ, ప్రతి పాట, ప్రతి పాఠం ఎంతో శ్రమతో పుడుతుంది. హిందీలో ఒక ఫైలు పోతే అలాంటివి మరో వంద దొరుకుతాయి. గోండిలో ఒకటి పోతే అది పోయినట్టే. అందుకే నిల్వ అన్నది అక్కడ కార్యాలయపు గుమాస్తా పనిగా మిగిలిపోదు, పిల్లల చదువుకు సంబంధించిన పనిగా మారుతుంది.

కొంచెం వెనక్కు వెళదాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు మన దేశంలో సైట్ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం జరిగింది. అమెరికా నుంచి తీసుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఇప్పటి ఛత్తీస్‌గఢ్ కూడా కలిసి ఉన్న మధ్యప్రదేశ్ ఒకటి. ఏడాది గడిచాక ఉపగ్రహం పక్కకు జరిగింది, ఊళ్లో టీవీ మూగబోయింది. తరువాత 2000 జనవరిలో జ్ఞానదర్శన్ ఛానెల్, 2004 సెప్టెంబరులో ఎడ్యుశాట్ ఉపగ్రహం వచ్చాయి. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. వీటి స్వభావం మాత్రం ప్రసారం. మధ్యాహ్నం మూడింటికి పాఠం వస్తుంది. ఆ సమయానికి కరెంటు లేకపోతే, పిల్ల మహువా పూలు ఏరటానికి వెళ్లి ఉంటే, ఆ పాఠం గాలిలో కలిసిపోతుంది. వినేవారి చేతిలో ఏమీ మిగలదు. మనం మాట్లాడుకొనే ‘పంచటం’ వేరు. పాఠం పిల్ల చేతిలోనో, ఆమె ఊరి ఉపాధ్యాయుడి చేతిలోనో ఉండాలి. వాళ్లకు వీలైనప్పుడు మళ్లీ మళ్లీ తెరవగలగాలి.

ఈ దారిలో మధ్యభారతంలో ఒక మంచి ప్రయోగం జరిగింది. 2010లో శుభ్రాంశు చౌధరి అనే పాత్రికేయుడు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా సహకారంతో సీజీనెట్ స్వర అనే వేదికను ప్రారంభించారు. మామూలు మీటల ఫోను నుంచి ఒక నంబరుకు చేసి, తన మాటను తన భాషలో రికార్డు చేయవచ్చు. ఇతరులు చెప్పినది వినవచ్చు. చదవటం, రాయటం రానివారికి కూడా ఇది పనికివచ్చింది. రేషను రాలేదన్న ఫిర్యాదులతో పాటు పాటలు, కథలు, మందుమొక్కల సంగతులు కూడా పోగయ్యాయి. ఆ తరువాత వారు మరో అడుగు వేశారు. ఫోను సంకేతం కూడా అందని ఊళ్ల కోసం రికార్డులన్నిటినీ ఒక కార్యక్రమంగా కూర్చి, నెట్ ఉన్న చోట దించుకొని, అక్కడి నుంచి ఒక ఫోను నుంచి మరో ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచారు. బ్లూటూత్ అన్న మాట పల్లెల్లో నలిగి ‘బుల్టూ’ అయింది, దాన్నే పేరుగా పెట్టి బుల్టూ రేడియో అన్నారు. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు పేరు అడవి సంతలో ఇలా కొత్త రూపం ఎత్తటం సరదాగా లేదూ?

సంత గురించి ఒక మాట చెప్పాలి. బస్తర్‌లో వారపు సంత ఉప్పు, ఎండుచేప, చింతపండు, కోడి కొనుక్కొనే చోటు మాత్రమే కాదు. పది పన్నెండు ఊళ్లవాళ్లు కలుసుకొనే చోటు, కబురు చేరే చోటు. ఉప్పు మూటతో పాటు పాఠం కూడా ఇంటికి వెళ్లవచ్చునన్నది ఆ ఆలోచన. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ బాట పట్టింది. ఆ ఏప్రిల్‌లో ‘పఢయీ తుంహర్ దువార్’, అంటే ‘చదువు మీ గుమ్మానికి’ అనే ఆన్‌లైన్ పథకం మొదలయింది. పోర్టల్‌లో పాఠాలు చేరాయి, కాని స్మార్ట్‌ఫోను లేని ఇల్లు, నెట్ లేని ఊరు అలాగే మిగిలాయి. అప్పుడు బస్తర్ జిల్లా భాట్‌పాల్‌లో లౌడ్‌స్పీకర్ల ద్వారా పాఠాలు వినిపించారు. ‘బుల్టూ కే బోల్’ పేరుతో సంతల్లో, ఊళ్లలో బ్లూటూత్ ద్వారా శబ్దపాఠాలు పంచే ఏర్పాటు జరిగింది. పోర్టల్ నిల్వ చేసింది, సంత పంచింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మూడు నిమిషాల కథను సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో ఎంపీ3గా దాచామనుకోండి. 180 సెకన్లను 64తో గుణిస్తే 11,520 కిలోబిట్లు. దాన్ని ఎనిమిదితో భాగిస్తే 1,440 కిలోబైట్లు, అంటే సుమారు ఒకటిన్నర మెగాబైట్లు. మాట మాత్రమే ఉన్న పాఠానికి 32 కిలోబిట్లు కూడా సరిపోతాయి, అప్పుడు ఫైలు సగానికి తగ్గుతుంది. అదే మూడు నిమిషాలను సాధారణమైన వీడియోగా తీస్తే పది పదకొండు మెగాబైట్లు అవుతుంది. పాత ఫోన్ల బ్లూటూత్ ద్వారా శబ్దపాఠం పది సెకన్లలో వెళితే, వీడియోకు నిమిషం, నిమిషంన్నర పడుతుంది. సంతలో బేరం చేస్తూ పది సెకన్లు ఆగటానికి ఎవరూ వెనుకాడరు. నిమిషంన్నర సేపు ఫోను పక్కపక్కనే పట్టుకొని, అలాంటివి ఇరవై పాఠాలు తీసుకోవాలంటే మాత్రం ఎవరూ నిలబడరు. నాలుగు గిగాబైట్ల మెమరీ కార్డులో పైన చెప్పిన నాణ్యతతో 130 గంటలకు మించిన శబ్దపాఠాలు పడతాయి. పాఠం వీడియోగానే ఉండాలా అన్న ప్రశ్న తయారీ దశలోనే వేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. బొమ్మ అవసరమైన చోట ఒక పేజీ పటం విడిగా ఇవ్వవచ్చు.

చేతులు మారే నకళ్లలో ఉన్న పెద్ద చిక్కు ఇప్పుడు చూద్దాం. సర్వర్‌లో ఉన్న పాఠానికి పక్కనే పేరు, తరగతి, భాష, రచయిత, తేదీ రాసి ఉంటాయి. ఆ పాఠం మూడు ఫోన్లు మారేసరికి ‘ఆడియో-001’ మాత్రమే మిగులుతుంది. అది రెండో తరగతి కథా, మలేరియా జాగ్రత్తా? గోండియా, హల్బీయా? తప్పు దిద్దిన కొత్త నకలా, పాతదా? ఎవరికీ తెలియదు. ఇలా పేరు పోగొట్టుకున్న ఫైలు ఉండి కూడా లేనట్టే. మన ఇళ్లలో గింజలు గుడ్డలో మూటగట్టి దాస్తారు. ఏ మూటలో ఏ విత్తనమో మరిచిపోతే వాన పడిన నాడు ఏం చల్లాలో తెలియదు.

గ్రంథాలయ శాస్త్రం దీనికి ఒక పద్ధతి చెప్పింది. 1995లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన సమావేశం నుంచి డబ్లిన్ కోర్ అనే పద్ధతి పుట్టింది. అందులో శీర్షిక, కర్త, భాష, తేదీ, హక్కులు వంటి పదిహేను వివరాలుంటాయి. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాల నిలయమైన ఈజ్ఞానకోశ్ వంటివి నడిచే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ దీని ఆధారంగానే వివరాలు అడుగుతుంది. ఊరి బడికి పదిహేనూ అక్కర్లేదు. భాష, తరగతి, విషయం, సంవత్సరం, ఎన్నో ప్రతి, ఈ అయిదూ ఫైలు పేరులోనే ఉంటే చాలు. ఎంపీ3 ఫైలు లోపల కూడా శీర్షిక రాయటానికి చోటుంది, ఫైలు పేరు మారినా అది చెదరదు. అయితే చవక ఫోను తెర మీద మన అక్షరాలు గళ్లుగా కనబడే ప్రమాదం ఉంది. అందువల్ల రేడియోవారి పాత అలవాటునే సిఫారసు చేస్తాను. పాఠం మొదట్లో ఒక గొంతు ఇలా చెప్పాలి: ‘ఇది గోండి కథ. రెండో తరగతికి. ఫలానా సంవత్సరంలో ఫలానా ఊళ్లో రికార్డు చేసినది.’ ఆరు సెకన్ల ఆ మాట ఎన్ని ఫోన్లు మారినా పాఠాన్ని విడిచిపోదు. చదవటం రాని తల్లికి కూడా అది అర్థమవుతుంది.

రాత పాఠాలకు ఇంకో గండం ఉంది, తెలుగువారికి ఇది బాగా తెలిసినదే. పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఏం కనబడుతుంది? ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం. హిందీ కార్యాలయాల్లో ఎంతోకాలం వాడిన కృతిదేవ్ ఫాంటుదీ ఇదే కథ. ఆ ఫాంట్లలో ‘క’ అనే అక్షరానికి సొంత సంఖ్య లేదు, ఏదో ఇంగ్లీషు అక్షరం చోటులో ‘క’ బొమ్మను కూర్చోబెట్టారు. యూనికోడ్‌లో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికి ప్రపంచమంతా ఒప్పుకున్న సంఖ్య ఉంది. కాబట్టి మీ బీరువాలో, సీడీలలో పాత ఫాంట్లలో ఉన్న పాఠాలుంటే ముందు వాటిని యూనికోడ్‌కు మార్చి పెట్టండి. ఆ ఫాంటు తెలిసినవాళ్లు ఉద్యోగ విరమణ చేశాక ఆ పని మరీ కష్టమవుతుంది.

గోండి విషయంలో లిపి ప్రశ్న ఇంకా లోతుగా ఉంది. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. వారు అనేక రాష్ట్రాల్లో చెదిరి ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో రాస్తారు, మన దగ్గర తెలుగు లిపిలో రాస్తారు. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ కూర్చిన లిపి ఒకటి ఉంది. ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లో మరో లిపి బయటపడింది. మసారామ్ లిపికి 2017లో, గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది. ఇది ఆనందించదగినదే. కాని ఉట్నూరులో తెలుగు లిపిలో అచ్చయిన గోండి వాచకం నారాయణ్‌పూర్ పిల్లకు చదవటానికి పనికిరాదు, అక్కడిది ఇక్కడ పనికిరాదు. శబ్దానికి ఈ అడ్డంకి లేదు. యాసలు వేరైనా చెవి చాలావరకు పట్టుకుంటుంది, అర్థం కాని మాట ఎదురైతే అడిగి తెలుసుకోవచ్చు. యాసల తేడాలను దాటటానికి వివిధ రాష్ట్రాల గోండులు కొన్నేళ్లపాటు కార్యశాలలు జరిపారు, 2018లో హంపీ కన్నడ విశ్వవిద్యాలయంలో ఉమ్మడి నిఘంటువు పని ఒక కొలిక్కి వచ్చింది.

అదే 2018లో సీజీనెట్ స్వర, ప్రథమ్ బుక్స్ కలిసి నాలుగు వందల దాకా పిల్లల కథలను గోండిలోకి తెచ్చాయి. ఇక్కడ మీరు గమనించవలసినది ఒక న్యాయపరమైన వివరం. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలోని కథలు క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉన్నాయి. మూల రచయిత పేరు, చిత్రకారుడి పేరు చెప్పి ఎవరైనా వాటిని నకలు తీయవచ్చు, అచ్చువేయవచ్చు, అనువదించవచ్చు. అలాంటి అనుమతి ముందే లేకపోతే నాలుగు వందల కథలకు నాలుగు వందల ఉత్తరాలు రాసి జవాబుల కోసం కూర్చోవలసి వచ్చేది. మన విద్యాశాఖలు, సంస్థలు ఎన్నో మంచి పాఠాలను ఉచితంగా ఇస్తున్నాయి. ‘ఉచితం’ అంటే చూడవచ్చునని అర్థం. మార్చవచ్చునా, పంచవచ్చునా అన్నది విడిగా రాసి ఉండాలి. ఆ ఒక్క పంక్తి లేకపోవటం వల్ల జాగ్రత్తపరుడైన ఉపాధ్యాయుడు ఏ పాఠాన్నీ ముట్టుకోడు, నిర్లక్ష్యపరుడు రచయిత పేరు తీసేసి వాడేస్తాడు. రెండూ నష్టమే.

ఈ కథలు మన వైపు కూడా అవసరం. 2005 తరువాతి హింస వల్ల బస్తర్ నుంచి తరలివచ్చిన ఎన్నో కుటుంబాలు పాత ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో స్థిరపడ్డాయి. మనవాళ్లు గుత్తికోయలు అంటారు. ఆ పిల్లలు ఇప్పుడు తెలుగు బడిలో కూర్చుంటున్నారు. అక్కడ హిందీ ఎంత కొత్తో ఇక్కడ తెలుగు అంత కొత్త. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పనిచేసే ఉపాధ్యాయుడు ఒక గోండి కథను ఫోనులో వినిపించి, తరువాత దాన్నే తెలుగులో చెబితే తరగతిలో మొదటి రోజే మాట కలుస్తుంది. దానికి ఆ కథ రాష్ట్ర సరిహద్దు దాటి ఆయన ఫోనులోకి రావాలి.

ఇక నిల్వ సంగతి. అదే హింసలో బీజాపూర్, సుక్మా ప్రాంతాల్లో ఎన్నో బడి భవనాలు నాశనమయ్యాయి. వాటి స్థానంలో వెదురుతో కట్టిన ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. పోటా కేబిన్లు అంటారు, ఒక్కోదానిలో అయిదు వందల మంది పిల్లలకు చోటుంటుంది. ఒకేచోట ఇంతమంది పిల్లలుండే బడికి చిన్న స్థానిక సర్వర్ బాగా నప్పుతుంది. అరచేతిలో పట్టే కంప్యూటరు, ఒక వైఫై పెట్టె, ఒక హార్డ్‌డిస్కు చాలు. కొలిబ్రీ, కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇలా నెట్ లేకుండానే పాఠాలను, వికీపీడియాను చూపటానికే తయారయ్యాయి. 2017లో వచ్చిన దీక్ష వేదికలో కూడా నెట్ ఉన్నప్పుడు పాఠాన్ని దించుకొని తరువాత చూసుకోవచ్చు. కొత్త పాఠాలను నెలకొకసారి మండల కేంద్రం నుంచి పెన్‌డ్రైవులో తెచ్చుకుంటే సరిపోతుంది.

అయితే పెన్‌డ్రైవును, మెమరీ కార్డును నిల్వ సాధనాలుగా నమ్మకండి. అవి మోసుకుపోవటానికి పనికివచ్చే సంచులు. ఎండ, తేమ, ధూళి, మాటిమాటికీ తీసి పెట్టటం వాటిని తొందరగా చంపుతాయి. ముఖ్యమైన ప్రతి పాఠానికి మూడు నకళ్లు ఉండాలి. ఒకటి బడిలో, ఒకటి జిల్లా కేంద్రంలో, ఒకటి రాష్ట్ర సర్వర్‌లో. అన్నీ ఒకే గదిలో ఉంటే ఒకే పిడుగుకు పోతాయి. పంచటానికి చిన్న ఎంపీ3 చాలు, దాచటానికి మాత్రం కుదించని అసలు రికార్డు, దాని రాతప్రతి కూడా ఉండాలి. రేపు మరో భాషలోకి మార్చేవారికి అవే ఆధారం. ఇంకొక మాట: ఈ నకళ్లు ఎవరి బాధ్యతో పేరు మీద కాకుండా పదవి మీద రాసి పెట్టాలి. ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు బదిలీ అయితే ఆయన లాప్‌టాప్‌తో పాటు పాఠాలు కూడా బదిలీ అయిపోవటం మన బడుల్లో కొత్త కాదు.

చివరగా, పంచకూడనివి కూడా ఉన్నాయని గుర్తించాలి. బస్తర్ గిరిజనుల పాటల్లో కొన్ని పండగకు, కొన్ని క్రతువుకు, కొన్ని ఆ గుంపుకు మాత్రమే చెందినవి. 1947లో వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ గురించి రాసిన పెద్ద పుస్తకం వచ్చిన తరువాత ఆ యువజనశాల బయటివారి కుతూహలానికి ఎంతగా గురైందో మనకు తెలుసు. పాఠం కోసం ఒక అవ్వ దగ్గర పాట రికార్డు చేసేటప్పుడు అది ఎక్కడికి వెళ్లవచ్చో ఆమె భాషలో ఆమెకు చెప్పాలి. బడిలో వినిపిస్తామా, సంతలో పంచుతామా, ప్రపంచమంతా చూసే పోర్టల్‌లో పెడతామా అని మూడూ విడివిడిగా అడగాలి. మొదటి నకలు ఆ ఊరికే ఇవ్వాలి. అడిగినవారి పేరు, ఒప్పుకున్నది దేనికి, తేదీ అన్నవి అసలు రికార్డు పక్కనే ఒక చిన్న రాత ఫైలులో ఉంచండి. రేపు ఆమె వద్దంటే బడిలోని నకలును, సర్వర్‌లోని నకలును తీసివేయవచ్చు. సంతలో చేతులు మారినవాటిని ఎవరూ వెనక్కు తేలేరు కనుక ఈ అడగటం రికార్డు మీట నొక్కక ముందే జరగాలి.